రీకాన్ఫిగరబుల్ లైన్ పనితీరును ఎట్టా కొలవాలి? ఓఈఈ బోర్డు ఒక్కటే చాలదా?

గుండ్లపల్లి_షాపు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఒంగోలు దగ్గర గుండ్లపల్లి గ్రోత్ సెంటర్లో మెషిన్ షాపు మాది. రొయ్యల చెరువుల ఏరియేటర్లకు గేర్‌బాక్స్ బాడీలు చేస్తాం. అల్యూమినియం పోత, ఒక హెచ్‌పీ, రెండు హెచ్‌పీ, ఒక్కోదాంట్లో రెండేసి మౌంటింగులు, మొత్తం 4 రకాలు. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల పాలిషింగ్ మెషిన్లకు హెడ్ హౌసింగులు 2 రకాలు ఉన్నాయి, అవి పోత ఇనుము.

లైను వివరం: ఓపీ 10 (ఓపీ అంటే ఆపరేషన్; ఇందులో ఫేసింగు, డవెల్ రంధ్రాలు) రెండు విఎంసీల (నిలువు స్పిండిలు సీఎన్‌సీ మెషిన్ల) మీద, పీసుకు 8 నిమిషాలు. ఓపీ 20 (బేరింగ్ బోర్లు) రెండు విఎంసీల మీద, పీసుకు 10 నిమిషాలు. ఓపీ 30 (డ్రిల్లు, ట్యాపు) ఒక మెషిన్, మూడున్నర నిమిషాలు. ఆ తర్వాత వాషింగు, చెకింగ్ టేబులు. పీసును పట్టుకునే ఫిక్స్చర్లన్నీ జీరో పాయింట్ క్లాంపుల (తీసి పెట్టినా ప్రతిసారీ అదే చోట కూర్చోబెట్టే పట్టుల) మీద, కన్వేయర్లు ముక్కలుగా విడదీసి ఎటైనా జరుపుకునేటట్టు కట్టించాం. అంటే మొదటి నుంచీ రీకాన్ఫిగరబుల్‌గానే ఆలోచించి వేసిన లైను. పైన రాసిన టైములు రెండు హెచ్‌పీ బాడీవి.

సమస్య ఏందంటే, ఓనరు గారు గోడ మీద ఓఈఈ (లభ్యత, వేగం, నాణ్యత మూడు శాతాలూ గుణిస్తే వచ్చే అంకె) బోర్డు ఒక్కటే చూస్తారు, దాని మీద 85 దగ్గర గురి గీత ఉంది. వారమంతా ఒకే రకం నడిపితే 84 వస్తుంది. మూడుసార్లు రకం మారిస్తే 60లలోకి పడిపోతుంది. దాంతో సూపర్‌వైజర్లు రకం మార్చడానికే వెనకాడుతున్నారు. రకాలు మార్చుకోవడానికే డబ్బు పోసి కట్టిన లైనును మార్చకుండా ఉంటేనే మార్కులు పడుతున్నాయి.

అడగదలచుకున్నవి: ఇలాంటి లైనుకు అసలు ఏం కొలవాలి? మార్పు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయినట్టు లెక్క? సాఫ్ట్‌వేర్లు ఏమీ లేవు, ఫానక్ కంట్రోళ్లు, కాగితం, ఎక్సెల్ అంతే. వేసవి పంటకు సీడ్ వదిలే ముందు ఆర్డర్లు పెరుగుతాయి కాబట్టి ఓపీ 20లో ఇంకో విఎంసీ వేద్దామని అనుకుంటున్నారు. దాని లాభం ఎట్టా లెక్కగట్టాలి?

కావలి_ప్రొడక్షన్

ఓఈఈ తప్పు కొలత కాదు గానీ, మీరడిగే ప్రశ్నకు అది జవాబు చెప్పదు. అది యంత్రం నడుస్తున్నప్పుడు ఎట్టా నడిచిందో చెబుతుంది. మీ లైను విలువంతా మారేటప్పుడు ఎంత పోగొడుతుంది అన్నదాంట్లో ఉంది. కాబట్టి మార్పునే ఒక వస్తువుగా తీసుకుని, ఒక్కో మార్పుకు ఎన్ని మంచి పీసులు పోయాయో లెక్కపెట్టండి. మిగతావన్నీ దాని తర్వాతే.

ప్రతి మార్పుకూ నాలుగు టైములు రాయాలి. ఒకటి, పాత రకం ఆఖరి ఓకే పీసు. రెండు, బిగింపు పూర్తి, అంటే ఫిక్స్చరు, టూళ్లు, ప్రోగ్రాము ఎక్కించడం అయిపోయింది. మూడు, కొత్త రకం మొదటి ఓకే పీసు, అంటే చెకింగ్ టేబులు మీద అన్ని కొలతలూ పాసైన పీసు, మెషిన్లోంచి బయటికి వచ్చిన పీసు కాదు. నాలుగు, నిలకడ. చాలామంది రెండో దగ్గర ఆపేస్తారు, జాగ్రత్తపరులు మూడో దగ్గర. నాలుగోది రాసేవాళ్లు అరుదు, నష్టం సగం దాకా అక్కడే ఉంటుంది.

నిలకడ అంటే ఏందో ముందే రాసి గోడకంటించండి, లేకపోతే షిఫ్టుకో అర్థం వస్తుంది. మీ లైనుకైతే ఇట్టా పెట్టొచ్చు: ఆఫ్‌సెట్ (కంట్రోలులో వేసే కొలత సవరణ) ముట్టుకోకుండా, ఒక్క రిజెక్షన్ లేకుండా, వరుసగా 12 పీసులు 63 నిమిషాల లోపు రావాలి. గంటకు 12 మీ రేటు, దానికి 5 శాతం సడలింపు. ఆ 12 పూర్తయ్యాక వెనక్కెళ్లి వాటిలో మొదటిది మొదలైన టైమును నిలకడ టైముగా వేసుకోవాలి. మధ్యలో ఒకటి పోయిందా, లెక్క మళ్లీ ఒకటి నుంచి.

ఇప్పుడు లెక్క. ఆఖరి పీసు 9:00, బిగింపు పూర్తి 9:50, మొదటి ఓకే పీసు 10:40, నిలకడ 14:30 అనుకుందాం. అరగంట భోజనం తీసేస్తే మొత్తం 5 గంటలు. ఈ 5 గంటల్లో 60 పీసులు రావాలి, వచ్చిన మంచివి 23. పోయినవి 37. ఓపీ 20 రేటులో అది 185 నిమిషాలు. లాగ్‌బుక్కులో మాత్రం "సెట్టింగ్ 50 నిమిషాలు" అని ఉంటుంది.

ఆ 37 ఎక్కడెక్కడ పోయాయో విడదీయండి. బిగింపు దాకా 10, అక్కడి నుంచి మొదటి ఓకే పీసు దాకా ఇంకో 10, నిలకడకు వచ్చేలోపు 17. జపాన్ ఇంజనీరు షిగెయో షింగో పద్ధతిలో, మెషిన్ ఆగకుండానే చేయగల పనులు బయటికి తీసి బిగింపును 50 నుంచి 25 నిమిషాలకు తగ్గించినా ఆదా అయ్యేది 5 పీసులే. అది వద్దని కాదు, చెయ్యాల్సిందే. కానీ మిగతా 27 కొలతల దగ్గర, ఆఫ్‌సెట్ల దగ్గర కూర్చుని ఉన్నాయి. స్పానర్లు వేగంగా తిప్పితే అవి తిరిగి రావు.

మీ బోర్డు ఎందుకు పడుతుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. వారానికి 6 షిఫ్టులు, షిఫ్టుకు 450 నిమిషాలు, మొత్తం 2700 నిమిషాలకు 540 పీసులు. మామూలుగా నడిచేటప్పుడు లభ్యత 90, వేగం 95, నాణ్యత 98 అనుకుంటే ఓఈఈ 83.8. మూడు మార్పులకు 900 నిమిషాలు పోతే ఆ మార్పు కిటికీల్లో (ఆఖరి పీసు నుంచి నిలకడ దాకా ఉన్న టైములో) 69 పీసులు, మిగతా 1800 నిమిషాల్లో 301. మొత్తం 370, ఓఈఈ 68.6 దగ్గర. లైను చెడిపోలేదు, మామూలు నడక అదే 83.8. కాబట్టి బోర్డును రెండు గడులు చెయ్యండి: "నడక ఓఈఈ" మార్పు కిటికీలు తీసేసి, పక్కన "మార్పు నష్టం, పీసుల్లో". రెండూ కలిపి చూపించే మొత్తం ఓఈఈ కింద చిన్న అక్షరాల్లో ఉండొచ్చు. ఒక జాగ్రత్త. మార్పు టైమును ప్లాన్డ్ టైములోంచి పూర్తిగా తీసేసి ఎక్కడా చూపించకపోవడం మోసం కిందికి వస్తుంది. తీస్తే పక్క గడిలో కనపడాలి.

రెండు ఓపీ 20 మెషిన్లలో ఒకటి మారుస్తుండగా ఇంకోటి పాత రకం నడిపిస్తుంటే "ఆఖరి పీసు" ఎప్పుడు అన్న సందేహం వస్తుంది. అప్పుడు రేటు మొదటిసారి పడిన టైము నుంచి కిటికీ తెరవండి, రెండు రకాల మంచి పీసులూ లెక్కలో వేసుకోండి. ఒక హెచ్‌పీ బాడీకి సైకిల్ తక్కువ కాబట్టి పీసులు కాక స్టాండర్డ్ నిమిషాలు కలపాలి, లేదంటే చిన్న బాడీ నడిపిన షిఫ్టు ఊరకే మెరిసిపోతుంది. కొలిచే చోటు ఒకటే ఉండాలి, చెకింగ్ టేబులు. ఓపీ 10 ముందే మారడం మొదలుపెడుతుంది, దాని టైములు విడిగా రాసుకోండి, లైను టైములతో కలపొద్దు.

మార్పులన్నీ ఒక సగటులో వెయ్యొద్దు. మూడు తరగతులు చాలు. ఏ: ఫిక్స్చరు అదే, ప్రోగ్రాము, ఒకటి రెండు టూళ్లు (మౌంటింగు మారినప్పుడు). బి: ఫిక్స్చరు కూడా మారింది (హెచ్‌పీ మారినప్పుడు). సి: మెషినో కన్వేయరో జరిగింది, లేక లోహం మారింది. ఒక్కో తరగతికి నడిమి విలువ, అన్నిటికంటే చెడ్డ విలువ రాయండి. సగటు వేస్తే ఒక్క సి మార్పు నెల మొత్తాన్ని ముంచేస్తుంది.

ఈ 37 అనే అంకె చేతికొస్తే లాట్ సైజు గొడవ కూడా తీరుతుంది. 60 లాటుకు 37 పోతే ఆ లాటుకు కేటాయించిన సామర్థ్యంలో 38 శాతం మార్పుకే. 200 లాటుకు 15.6. 500 లాటుకు 6.9. అట్లని 500లే చేద్దామంటే, ర్యాకులో సగటున లాటులో సగం సరుకు నిలబడుతుంది. 4 రకాలకు 1000 బాడీలు. 100 లాటైతే 200. ఓఈఈ పక్కన స్టాకు రోజులు కూడా రాసి చూపించండి, ఓనరు గారికి ఇంకేమీ చెప్పక్కర్లేదు.

బుచ్చి_ఫిట్టర్

ఆ 85 ఎక్కడిదో కూడా చెప్పాలి కదా. జపాన్‌లో టీపీఎం (అందరూ కలిసి మెషిన్లను చూసుకునే నిర్వహణ) పద్ధతిని తీర్చిదిద్దిన సెయిచి నకాజిమా లభ్యత 90, వేగం 95, నాణ్యత 99 అని పెట్టిన గురి అది, గుణిస్తే 84.6. రోజుకు రెండు రకాలు మార్చే చిన్న షాపుకు పెట్టింది కాదు. మీ బోర్డు మీద 85 గీత ఎందుకు ఉందని అడిగితే చెప్పేవాళ్లుండరు. ఆ గీత చెరిపేసి పోయిన నెల మీ సొంత నడక ఓఈఈ గీత గియ్యండి.

బోర్‌గేజి

కావలి అన్న లెక్కలో మొదటి ఓకే పీసు దాకా పోయే 10, నిలకడ దాకా పోయే 17 గురించి. మెషిన్ షాపుల్లో ఇవి ఎక్కువగా మూడు చోట్ల పోతాయి, మూడూ మనవైపు వాతావరణానికి ఇంకా ఎక్కువ.

మొదటిది ఫిక్స్చరు కింద చిప్పు. జీరో పాయింట్ క్లాంపు తిరిగి కూర్చునే ఖచ్చితత్వం 5 మైక్రాన్ల లోపు అని కేటలాగులో ఉంటుంది, నిజమే, సీటు శుభ్రంగా ఉంటే. 200 మి.మీ. దూరంలో ఉన్న రెండు సీట్లలో ఒకదాని కింద 0.05 మి.మీ. అల్యూమినియం తునక ఇరుక్కుందంటే, 80 మి.మీ. లోతు బోరు ఈ చివర నుంచి ఆ చివరికి 0.02 వాలుతుంది. ఆపరేటరుకు అది ఫిక్స్చరు తప్పులా కనపడదు, బోరు తప్పులా కనపడుతుంది, ఆఫ్‌సెట్ కెలుకుతాడు. రెండు పీసులు బాగయినట్టే ఉంటాయి, తర్వాత ఫిక్స్చరు తీసి పెట్టగానే అన్నీ పక్కకు. క్లాంపు బిగించాక ఫిక్స్చరు మీద రెండు గ్రైండింగ్ ప్యాడ్ల మీద డయల్ తిప్పాలి, తేడా 0.01 దాటితే ఊడదీసి గాలి కొట్టి మళ్లీ వెయ్యాలి. మూడు నిమిషాల పని. ఈ డయల్ విలువను మార్పు చీటీలో ఒక గడిగా పెట్టించండి. గడి ఉంటేనే తిప్పుతారు.

రెండోది వేడి. 6206 బేరింగు బయటి వ్యాసం 62 మి.మీ., హెచ్7 టాలరెన్సు (ఒప్పుకునే తేడా) బోరుకు సున్నా నుంచి +30 మైక్రాన్లు. అల్యూమినియం మీటరుకు డిగ్రీకి 23 మైక్రాన్లు పెరుగుతుంది. కూలెంటు కింద 30 డిగ్రీల్లో ఉన్న పీసు షెడ్డులో 40కి వస్తే బోరు 14 మైక్రాన్లు పెరుగుతుంది, సగం టాలరెన్సు పోయినట్టే. ఇంకో మెలిక ఉంది. బోర్ గేజికి సున్నా పెట్టే రింగు ఉక్కు, అది డిగ్రీకి మీటరుకు 11.5 మైక్రాన్లే పెరుగుతుంది. డ్రాయింగు కొలతలు 20 డిగ్రీలకు చెప్పినవి. రింగు, పీసు రెండూ 40లో ఉంటే బోరు అసలు కంటే 14 మైక్రాన్లు ఎక్కువ చూపిస్తుంది. గేజి మీద +5 అని పాసు చేసింది 20 డిగ్రీల గదిలో -9, అంటే చిన్న బోరు. రోహిణి కార్తెలో మధ్యాహ్నం చేసిన మార్పూ, డిసెంబరు తెల్లవారుజామున చేసిన మార్పూ ఒకే తరగతిలో వేసి పోల్చితే మనుషుల మీద నింద పడుతుంది, కారణం షెడ్డు.

దీనికి ఏసీ గది కట్టక్కర్లేదు. అదే అల్యూమినియంతో చేసిన ఒక మాస్టర్ పీసు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న కొలతల ల్యాబులో 20 డిగ్రీల దగ్గర కొలిపించుకుని, దాన్ని చెకింగ్ టేబులు మీదే ఉంచండి. గేజికి సున్నా ఉక్కు రింగుతో కాకుండా ఆ మాస్టరుతో. వాషింగు నీళ్లు వేడివైతే పీసును మాస్టరు పక్కన పెట్టి రెండూ ఒకే వేడికి వచ్చేదాకా ఆగి కొలవాలి. ఆ ఆగే టైము కూడా మార్పు నష్టంలోకే వస్తుంది, కానీ ఊరకే ఆఫ్‌సెట్ పీకి పోగొట్టే పీసుల కంటే నయం. చీటీలో షెడ్డు ఉష్ణోగ్రత ఒక గడి.

మూడోది స్పిండిలు. మార్పు కోసం గంట ఆగిన మెషిన్ చల్లబడి ఉంటుంది. బిగింపు జరుగుతుండగానే ఆగిన స్పిండిలును తిప్పలేరు, నిజమే. కానీ ప్రోగ్రాము ఎక్కిస్తున్నప్పుడు, డయల్ తిప్పాక, 15-20 నిమిషాలు వార్మప్ తిప్పకుండా మొదటి పీసు పెడితే జడ్ దిశలో కొలత గంటసేపు పాకుతూనే ఉంటుంది. నిలకడ ఆలస్యమయ్యేది దీనివల్లే. ఆఫ్‌సెట్ ఎన్నిసార్లు మార్చారో లెక్కపెట్టండి. బి తరగతి మార్పులో నాలుగు దాటితే తప్పు ఆపరేటరు చేతిలో లేదు, పైన చెప్పిన మూడింటిలో ఒకదాంట్లో ఉంది.

గుండ్లపల్లి_షాపు

కావలి అన్నకు, బోర్‌గేజి గారికి థాంక్స్. రెండు సందేహాలు మిగిలాయి. గ్రానైట్ హెడ్ హౌసింగులను కూడా ఇదే లైనులో ఏరియేటరు బాడీల మధ్య వేస్తున్నాం, అది సి తరగతి అన్నారు, ఎందుకో అర్థమైంది గానీ కొలత ఎట్టా? ఇంకా మూడో ఓపీ 20 మెషిన్ సంగతి.

టూల్‌రూమ్_మాస్టారు

బాబూ, ముందు మూలానికి వెళ్దాం. 1996లో అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ సాయంతో మిషిగన్ యూనివర్సిటీలో రీకాన్ఫిగరబుల్ తయారీకి ఒక పరిశోధన కేంద్రం పెట్టారు. దాన్ని నడిపిన యోరమ్ కోరెన్, సహచరులు 1999లో రాసిన వ్యాసంతో ఈ మాట పాదుకుంది. వాళ్లు చెప్పిన లక్షణాలు ఆరు: ముక్కలుగా ఉండటం, ముక్కలు ఇట్టే అతకడం, ఒక కుటుంబపు పీసులకు మాత్రమే సరిపడా వెసులుబాటు, వేగంగా మారడం, సామర్థ్యం పెంచుకోగలగడం, తప్పు ఎక్కడుందో వెంటనే తెలియడం. మూడోది జనం మరిచిపోతారు. ఏ పీసైనా చేసే లైను అని కాదు, ఒక కుటుంబానికి కట్టిన లైను అని.

మీ నాలుగు ఏరియేటరు బాడీలు ఒక కుటుంబం. పోత ఇనుము హౌసింగు ఆ కుటుంబంలోది కాదు. లోహం మారిందంటే కట్టరు గ్రేడు మారుతుంది, స్పీడు మారుతుంది, అన్నిటికంటే ముఖ్యం కూలెంటు. ఇనుము నలుసు కూలెంటు ట్యాంకులో దిగి, తర్వాత అల్యూమినియం మీద గీతలు, మరకలు తెస్తుంది, స్లైడు కవర్ల కింద చేరి అరగదీస్తుంది. ట్యాంకు తోడి కడిగి కొత్తది కలపాలంటే రెండు మూడు గంటలు. ఈ టైము ఏ చీటీలోనూ ఉండదు, "క్లీనింగ్" అని రాసేస్తారు. కాబట్టి కొలత అడిగావు గనక చెబుతున్నా: లోహం మారిన ప్రతిసారీ ట్యాంకు పని కూడా కిటికీ లోపలే వెయ్యి. రెండు నెలలు వేసి చూడు. ఓపీ 10లో ఒక పాత మెషినును ఇనుముకే వదిలేసి, పొడిగా కోయిస్తే లాభమో కాదో ఆ అంకెలే చెబుతాయి. నా ఉద్దేశంలో విడదీయడమే మేలు.

ఇక మూడో మెషిన్. సామర్థ్యం పెంచుకునే గుణానికి కోరెన్ బృందం వాడే కొలత తేలిక: నూటిలోంచి, పెంచగల అతి చిన్న మెట్టు శాతాన్ని తీసెయ్యి. ఓపీ 20లో రెండు ఉన్నాయి, మూడోది వేస్తే గంటకు 12 నుంచి 18, మెట్టు 50 శాతం, కొలత 50. నాలుగు సమాంతర మెషిన్లున్న చోట ఒకటి కలిపితే మెట్టు 25, కొలత 75. అన్నీ ఒకే వరుసలో ఉన్న లైనులో పెంచాలంటే రెండో లైనే వెయ్యాలి, మెట్టు 100, కొలత సున్నా. చిన్న మెట్లు వేయగలిగిన లైనే మంచిది, ఎందుకంటే గిరాకీ మెట్లు మెట్లుగా వస్తుంది.

కానీ అది కాగితం మీద. నీ ఓపీ 10 రెండు మెషిన్లు 8 నిమిషాల చొప్పున గంటకు 15 మాత్రమే ఇస్తాయి. ఓపీ 30 గంటకు 17. మూడో ఓపీ 20 వేసిన మర్నాడు అడ్డంకి ఓపీ 10కి జరుగుతుంది. 50 శాతానికి డబ్బు పెట్టి 25 శాతం కొంటున్నావు. ఓపీ 20లోంచి ఒక ట్యాపింగో, చాంఫరో తీసి ఓపీ 30కి ఇవ్వగలవేమో ముందు చూడు. ఓపీ 30కి పీసుకు 5 నిమిషాల తడవ ఉంది, మూడున్నరే వాడుతోంది. ఓపీ 20 సైకిలు 10 నుంచి 9కి దిగితే మెషిన్ కొనకుండానే గంటకు 13.3. ఆ నిమిషం ఓపీ 30 మీద పడి నాలుగున్నర అవుతుంది, గంటకు 13.3, సరిగ్గా సరిపోతుంది. అంతకంటే ఒక్క సెకను ఎక్కువ తీసినా ఓపీ 30యే అడ్డంకి.

మెట్టు ఎంత అనేదాంతో పాటు ఎన్నాళ్లలో అనేది కూడా రాయి. మెషిన్ షెడ్డులో దిగినరోజు నుంచి నిలకడ దాకా. గాలి లైను, కరెంటు ప్యానెల్లో ఖాళీ ఫీడరు ఉందా, ఒప్పంద లోడు సరిపోతుందా, నేల గట్టిదా, 0.02 లెవలుతో లెవలు చేశారా, బాల్‌బార్ (మెషిన్ సరైన వృత్తంలో కదులుతుందో చూసే పరికరం) తిప్పారా. లోడు పెంచమని డిస్కంకు అర్జీ పెట్టాల్సి వస్తే మెట్టు ఎక్కేది ఆ అర్జీ కదిలిన వేగంతోనే. జనవరి ఆర్డర్లకు జనవరిలో మెషిన్ దింపితే అందదు.

ఇంకొకటి, సమాంతర మెషిన్లు పెంచేటప్పుడు ఎవరూ కొలవనిది. ఇప్పుడు పీసు నడిచే దారులు 2 × 2 = 4. మూడోది వేస్తే 6. ఒక్కో దారికి ఒక్కో తీరు కొలతల చెదురు. అన్ని దారుల పీసులనూ ఒక బుట్టలో వేసి సీపీకే (చెదురు టాలరెన్సులో ఎంత బాగా ఇముడుతుందో చెప్పే అంకె) కడితే చెదురు వెడల్పుగా కనపడుతుంది గానీ ఏ దారిదో తెలియదు. ఓపీ 10లోనూ ఓపీ 20లోనూ మెషిన్ నంబరును పీసు పక్కన చుక్క పంచితో కొట్టించు. సీపీకే దారివారీగా కట్టు. తప్పు పట్టే గుణానికి కొలత ఇది: మొదటి చెడ్డ పీసు పుట్టినప్పటి నుంచి మెషిన్ ఆపేలోపు ఎన్ని చెడ్డవి తయారయ్యాయి. పదింటికి ఒకటి చెక్ చేస్తుంటే చెకింగుల మధ్యే 9 దాకా, కన్వేయరు మీదున్నవి అదనం. మార్పు తర్వాత మొదటి 12 పీసులూ వంద శాతం చెక్ చేసి, నిలకడ వచ్చాకే పదికి ఒకటికి దిగాలి.

నెల్లూరు_కంట్రోల్స్

లెక్కలన్నీ బాగున్నాయి, అంకెలు ఎట్టా తేవాలో చెబుతాను. ఖర్చు పెద్దగా లేదు.

ఫానక్‌లో 6711 పారామీటరు పీసుల లెక్క. ఎం30 (ప్రోగ్రాము ముగింపు కోడు) వచ్చినప్పుడల్లా ఒకటి పెరుగుతుంది, వేరే ఎం కోడుతో పెంచాలంటే ఆ కోడు నంబరు 6710లో వేసుకోవచ్చు. దాన్ని నమ్మి మంచి పీసుల లెక్క కట్టొద్దు. మెషిన్ తిరిగిందని అది చెబుతుంది, పీసు బాగుందని కాదు. డ్రై రన్ ఎం30 దాకా వెళ్లినా ఒకటి వేసుకుంటుంది. సెట్టింగ్ రోజుల్లో కంట్రోలు లెక్కకూ చెకింగ్ టేబులు లెక్కకూ తేడా ఎక్కువగా కనపడేది అందుకే. ఆ తేడా కూడా పనికొచ్చే అంకే: వృథా తిరుగుళ్లు.

సైకిళ్ల టైము కావాలంటే టవర్ ల్యాంపు పచ్చ దీపానికి సమాంతరంగా 24 వోల్టుల రిలే వేసి, దాని పొడి కాంటాక్టును చిన్న పీఎల్‌సీకో (మెషిన్లను నడిపే కంట్రోలు పెట్టె) ఈఎస్‌పీ32 అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుకో ఇవ్వండి. బోర్డుకైతే ఆప్టో ఐసోలేటరు (కరెంటు కలవకుండా సిగ్నలు మాత్రమే దాటించేది) తప్పనిసరి, 24 వోల్టులు సూటిగా తగిలితే అది అక్కడే చస్తుంది. దీపం ఆరి వెలిగిన టైములు ఎక్సెల్‌లోకి వస్తే చాలు. రెండు నిమిషాల లోపు ఆగిపోవడాలు మనుషులు ఎప్పుడూ రాయరు, వేగం నష్టం దాదాపు అంతా అందులోనే దొరుకుతుంది. మెషిన్ కంట్రోలు గడియారం, బోర్డు గడియారం, గోడ గడియారం మూడూ వారానికోసారి ఫోను టైముకు కలపాలి. ఓపీ 10 గడియారం ఏడు నిమిషాలు ముందుంటే మార్పు మొదలవకముందే అయిపోయినట్టు వస్తుంది.

మార్పు చీటీ అరపేజీ దాటకూడదు. పాత రకం, కొత్త రకం, తరగతి, నాలుగు టైములు, డయల్ తేడా, షెడ్డు ఉష్ణోగ్రత, ఆఫ్‌సెట్ ఎన్నిసార్లు, కిటికీలో మంచి పీసులు, రిజెక్షన్లు, ఆగిన కారణం. కారణాలు ఎనిమిదికి మించి పెట్టకండి. ఇరవై పెడితే అందరూ "ఇతరములు" టిక్కు పెడతారు. టైములు సెట్టరు రాయాలి, మంచి పీసుల లెక్క చెకింగ్ టేబులు మనిషి రాయాలి. ఇద్దరివీ ఒక చేతి రాతలో ఉంటే ఆ చీటీ పక్కన పెట్టెయ్యండి.

మార్పు మధ్యలో కరెంటు పోయి, వోల్టేజి డిప్ వచ్చి మెషిన్లు అలారంలోకి వెళ్లి మళ్లీ రిఫరెన్సుకు తేవాల్సి వస్తే ఆ టైము తీసెయ్యమని సూపర్‌వైజర్లు అడుగుతారు. తీయొద్దు. దానికి కారణం కోడు ఒకటి ఇచ్చి కిటికీ లోపలే ఉంచండి. ఒక్కటి తీయడం మొదలుపెడితే టూలు దొరకలేదనేదీ, డ్రాయింగు రాలేదనేదీ కూడా బయటికి పోతాయి, చివరికి మళ్లీ 50 నిమిషాలే మిగులుతుంది.

కావలి_ప్రొడక్షన్

మాస్టారు చెప్పిన ఓపీ 30కి పని జరపడం ముందు చెయ్యండి, మెషిన్ మాట తర్వాత. జరిపిన రోజు అది కూడా సి తరగతి మార్పే, చీటీ రాయండి.

ఓనరు గారికి చూపించడానికి నెలకు ఒక్క కాగితం చాలు: నడక ఓఈఈ, తరగతివారీగా మార్పుకు పోయిన పీసుల నడిమి విలువ, అన్నిటికంటే చెడ్డది, మార్పుల సంఖ్య, స్టాకు రోజులు. మార్పుల సంఖ్య తప్పకుండా ఉండాలి. లేకపోతే నెలకు రెండే మార్పులు చేసి నష్టం తగ్గించామని చూపిస్తారు. ఒక్కో తరగతిలో కనీసం ఎనిమిది పది చీటీలు చేరేదాకా గురి అంకె పెట్టకండి. బి తరగతికి మొదటి నెల నడిమి విలువ 37 వస్తే, వచ్చే నెలకు 30 అని పెట్టి, ఏ గడిలోంచి 7 తీస్తారో పక్కనే రాయించండి. బిగింపులోంచా, చెకింగులోంచా, నిలకడలోంచా అని.

గుండ్లపల్లి_షాపు

సోమవారం నుంచి చీటీ మొదలుపెడుతున్నాం. నెల్లూరు_కంట్రోల్స్ గారూ, పచ్చ దీపం మా ఓపీ 30 మెషిన్లో తలుపు తెరిచినా వెలుగుతూనే ఉంటుంది, సైకిల్ స్టార్టు లాంపు నుంచి తీసుకోవచ్చా?

నెల్లూరు_కంట్రోల్స్

తీసుకోవచ్చు, ఇంకా మేలు. ప్యానెల్ డ్రాయింగులో సైకిల్ స్టార్టు లాంపు అవుట్‌పుట్ నంబరు చూసుకుని అక్కడి నుంచే రిలే ఇవ్వండి. రిలే కాయిల్‌కు అడ్డంగా డయోడు మరవొద్దు, కేథోడు ప్లస్ వైపు. అది లేకుండా ఐఓ కార్డు పోతే రిలే ఖర్చుకు వందింతలు అవుతుంది.